గుమ్మం ముందు నీళ్ళు

వెలికా సంచీ సర్దుతోంది.

నీలం గళ్ళ సంచీ. జిప్పు ఒక చివర తెగింది. అక్కడ పిన్నీసు పెట్టింది. ఉన్ని మేజోళ్ళు. ఒక దుప్పటి. ఎండబెట్టిన ఆలుబుఖారా పండ్ల పొట్లం. అన్నిటికంటే చివర, పాత స్వెటర్‌లో చుట్టిన పెద్ద గాజు సీసా. దాని నిండా ఎర్ర మిరపకాయల పచ్చడి.

"అంత పెద్ద సీసా ఎందుకు? బస్సులో పగిలిపోతుంది" అంది ఇన్‌స్పెక్టర్ నెవెనా.

"మా చెల్లికి అదంటే ప్రాణం."

నెవెనా కోటు విప్పకుండానే కుర్చీ అంచున కూర్చుంది. ఒళ్ళో ఫైలు. ఫైల్లో ఒక్కటే కాగితం. దాని మీద వెలికా సంతకం కావాలి. ఆమె వచ్చింది అందుకే.

"శుక్రవారం కోర్టు" అంది నెవెనా. "కనిపించకుండా పోయి ఐదేళ్ళు నిండాయి కాబట్టి మీ మరిది దరఖాస్తు పెట్టుకున్నాడు. మీ చెల్లెలు స్నెజీనా చనిపోయినట్టు ప్రకటిస్తారు. మీకు నోటీసు అందిందని ఇక్కడ సంతకం పెట్టండి. అంతే."

"చనిపోయిందని మీకు తెలుసా?"

"తెలీదు."

"బతికుందని తెలుసా?"

"అదీ తెలీదు."

"మరి ఐదేళ్ళూ ఏం చేశారమ్మా మీరంతా?"

నెవెనా ఒళ్ళో ఫైలు సర్దుకుంది. సర్వీసు ఇంకా రెండు వారాలుంది. మోకాళ్ళు పీకుతున్నాయి. బయట నవంబరు వాన పడుతోంది. డాన్యూబ్ నది మీద నుంచి వచ్చే పొగమంచు రూసె ఊరంతా తడి గుడ్డలా కప్పేసింది. ఇలాంటి రోజుల్లో ఎవరికైనా జవాబు చెప్పాలన్నా ఓపిక కావాలి.

"ఎల్లుండి సాయంత్రం ఐదుకి బస్సు. చెల్లి పనికని బయల్దేరిన ఊరికే, బొలోన్యా వెళ్తున్నా" అంది వెలికా. "వీధి వీధీ తిరుగుతా. ముసలాళ్ళకి సేవ చేసే మన ఆడవాళ్ళు అక్కడ వందల మంది ఉన్నారట. ఎవరో ఒకరు చూసి ఉంటారు."

"అరవై రెండేళ్ళ వయసులో?"

"మీరు వెళ్ళలేదుగా. నేనే వెళ్తా."

గదిలో టీవీ వాగుతోంది. నెవెనాకి ఆ సంగీతం తెలుసు. ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. 'రేవు వీధి' డిటెక్టివ్ సీరియల్. రూసెలోనే తీస్తారు. నాలుగు సీజన్లు వచ్చాయి. అందులో హీరో ఇన్‌స్పెక్టర్ ఉండే ఇల్లు వెలికా, స్నెజీనా పుట్టి పెరిగిన ఇల్లే. తల్లిదండ్రులు పోయాక అది స్నెజీనాకి వచ్చింది. ఆమె, ఆమె భర్త ప్లామెన్, అత్తగారు దోనా బామ్మ అందులో ఉండేవాళ్ళు. షూటింగుకి అద్దెకిచ్చేవాళ్ళు. కోర్టు పని అయిపోతే ప్లామెన్ ఆ ఇంటిని సీరియల్ కంపెనీకే అమ్మేస్తాడు. ఐదో సీజన్ కోసం దాన్ని కూలగొట్టి, ఆ స్థలంలో కొత్త సెట్ వేస్తారట.

"ఉండండి, ఉండండి" అంది వెలికా. సంచీ వదిలి టీవీ దగ్గరకి పరిగెత్తింది. "ఇదిగో. ఇప్పుడే. చూడండి."

తెర మీద ఇన్‌స్పెక్టర్ వీధిలో నిలబడి సిగరెట్ వెలిగిస్తున్నాడు. వెనక కిటికీలో ఒక చెయ్యి కనిపించింది. కర్టెన్ జరిపింది. అంతలోనే మాయమైంది.

"మా చెల్లి చెయ్యి" అంది వెలికా. "మొదటి సీజన్, మూడో ఎపిసోడ్. ఎప్పుడు వేసినా చూస్తా. మొదటి సీజనూ రెండో సీజనూ చూస్తా. మూడో సీజన్ ముట్టుకోను. మూడు నుంచి అది మా ఇల్లు కాదు."

"ఎందుకు కాదు?"

"ఏమో. గోడలవే, తలుపులవే. కానీ మా ఇల్లు కాదు."

వెలికా సంతకం పెట్టలేదు. నెవెనా బలవంతం చెయ్యలేదు. మెట్లు దిగుతుంటే పైనుంచి వెలికా గొంతు వినిపించింది.

"బయల్దేరే ముందు రోజు రాత్రి ఫోన్ చేసింది నాకు. సంచీ సర్దుతున్నానక్కా, పచ్చడి చిన్న సీసా పెట్టుకోనా పెద్దది పెట్టుకోనా అంది. పెద్దదే పెట్టుకో అన్నాను. అదే ఆఖరి మాట. పచ్చడి మాట."

*

కారులో హవల్దార్ తోదోర్ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు. యాభై ఏళ్ళ మనిషి. బొజ్జ స్టీరింగుకి తగులుతుంది.

"సంతకం పెట్టిందా మేడమ్?"

"లేదు. నువ్వు 'రేవు వీధి' చూస్తావా?"

తోదోర్ గింజలు కొరకడం ఆపేశాడు.

"చూస్తావా అంటారేంటి? నాలుగు సీజన్లూ రెండేసి సార్లు. మా ఆవిడ మూడేసి సార్లు. మీరు చూడరా?"

"ఇంటికెళ్ళాక కూడా పోలీస్ స్టేషనే చూడమంటావా?"

"మొదటి సీజన్ బంగారం మేడమ్. రెండోది వెండి. మూడోది అంట్లు తోమిన నీళ్ళు. నాలుగోది తీసినవాళ్ళని లోపలెయ్యాలి. మనమే వెయ్యాలి."

"ఎందుకని?"

"మొదట్లో ఇన్‌స్పెక్టర్‌కి జలుబు చేసేది. బస్సు తప్పిపోయేది. మనలాగే. మూడో సీజన్ నుంచి లెదర్ జాకెట్. హెలికాప్టర్. రూసెలో హెలికాప్టర్ ఎవరికుంది మేడమ్? మన జీపుకి హీటరే లేదు."

"కథ కాదు. ఇల్లు. రెండుకీ మూడుకీ ఇంట్లో తేడా ఏంటి?"

తోదోర్ ఆలోచించాడు. ఇంతవరకూ ఏ కేసుకీ అతను అంత శ్రద్ధగా ఆలోచించగా ఆమె చూడలేదు.

"పెరట్లో ద్రాక్ష పందిరి ఉండేది. మూడోదాంట్లో లేదు. పందిరి కింద మట్టి ఉండేది. మూడోదాంట్లో అంతా సిమెంటు. ఇంకా... ఆ! బామ్మ లేదు."

"ఏ బామ్మ?"

"దోనా బామ్మ మేడమ్! ప్లామెన్ వాళ్ళమ్మ. మొదటి రెండు సీజన్లలో పక్కింటి ముసలావిడగా వెనక తిరుగుతుండేది. ఒక్క మాటా ఉండదు. చేతిలో చీపురు. జనం ఆవిడ కోసమే చూసేవాళ్ళు. మూడో సీజన్‌కి రానంది. ఎంతిస్తామన్నా రానంది." తోదోర్ నవ్వాడు. "ఆవిడ చీపురు గొడవ మీకు తెలీదా?"

"చెప్పు."

"మొదటి సీజన్, నాలుగో ఎపిసోడ్. ఒక ఓడ పనివాడు ఊరెళ్ళిపోయే సీన్. వాడు గేటు దాటగానే వెనక బామ్మ ఊడుస్తుండాలి. డైరెక్టర్ చెప్పాడు. బామ్మ చీపురు గోడకి ఆనించేసి చేతులు ఏప్రన్‌లో పెట్టుకుంది. మళ్ళీ చెప్పాడు. ఊహూ. పదిసార్లు తీశారట. డైరెక్టర్ అరిస్తే చీపురు వాడి మీదకే విసిరిందట! ఊరెళ్ళే మనిషి వెనక ఊడవనంది. వాడు నటుడు బామ్మా, నిజంగా వెళ్ళట్లేదు అన్నా వినలేదు. ఆఖరికి అలాగే వదిలేశారు. ఇప్పటికీ టీవీలో చూస్తే చీపురు గోడకే ఉంటుంది."

నెవెనా నవ్వలేదు. కిటికీ అద్దం మీద జారుతున్న వాన చుక్కని చూస్తూ కూర్చుంది.

"రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో బామ్మ ఉందా?"

"ఉండే ఉంటుంది. అప్పుడు నేను హీరోయిన్‌ని చూస్తున్నా."

*

ఫైలు పాతది. విషయం చిన్నది.

2014 అక్టోబరు 18, శనివారం. ఉదయం ఆరు గంటలకి స్నెజీనా పేత్కోవా, వయసు నలభై ఆరు, ఇల్లు వదిలింది. బొలోన్యాలో ఒక ముసలావిడకి తోడుగా ఉండే పని. ప్రైవేటు మినీ బస్సు. ప్రయాణికుల జాబితా లేదు. దారిలో ఎవరూ ఆమెని చూసినట్టు చెప్పలేదు. రెండు రోజులు ఆమె ఫోన్ నుంచి మెసేజీలు వచ్చాయి. చేరానని ఒకటి. బాగున్నానని ఒకటి. తర్వాత ఫోన్ మూగబోయింది.

ప్లామెన్ స్టేట్‌మెంట్ ఒక పేజీ. అక్కడ ఎవరితోనో వెళ్ళిపోయి ఉంటుందన్నాడు.

మరి ఇల్లు వదిలిందనడానికి సాక్ష్యం?

ఎదురింటి సెవ్దా. ఉదయం ఆరు గంటలకి పాలు తెచ్చుకోవడానికి తలుపు తీసింది. దోనా బామ్మ రాగి చెంబుతో గుమ్మం ముందు నీళ్ళు పోస్తూ కనిపించింది. చెంబులో జెరేనియం పువ్వు. దారి నీళ్ళలా సాఫీగా సాగాలని ప్రయాణమయ్యేవాళ్ళ వెనక పోసే నీళ్ళు. ఎనిమిదింటికి షూటింగ్ వాళ్ళు వచ్చారు. వాళ్ళు కూడా తడి గుమ్మం చూశారు. రాతి మీద పువ్వు చూశారు. "ఎవరు వెళ్ళారు బామ్మా?" అని అడిగారు. "కోడలు" అంది బామ్మ.

వీధి వీధంతా ఒకటే చెప్పింది. స్నెజీనా వెళ్ళింది. నీళ్ళు పోశారు.

నెవెనా ఆ పేజీ మళ్ళీ చదివింది. నీళ్ళు చూసినవాళ్ళు పదిహేను మంది. స్నెజీనాని చూసినవాళ్ళు?

ఒక్కరూ లేరు.

గుమ్మం తడిగా ఉంటే మనిషి వెళ్ళినట్టే అనుకుంది వీధి. అలాగే అనుకుంది పోలీస్ స్టేషన్. ఇంకో దేశం పోలీసైతే ఆ నీళ్ళని కాగితం మీద కూడా ఎక్కించడు. మనిషి ఎక్కడ అని అడుగుతాడు.

*

బుధవారం ఉదయం. స్టేషన్లో పాత కంప్యూటర్ ముందు ఇద్దరూ కూర్చున్నారు. మధ్యలో చీజ్ పెట్టి కాల్చిన బనిత్సా రొట్టెల పొట్లం. తోదోర్ తింటున్నాడు. నెవెనా చల్లారిన టీ తాగుతోంది.

ముందు మొదటి సీజన్, నాలుగో ఎపిసోడ్. ఓడ పనివాడు సంచీ భుజానికెత్తుకున్నాడు. గేటు దాటాడు. వెనక దోనా బామ్మ. చీపురు గోడకి ఆనించి ఉంది. చేతులు ఏప్రన్‌లో. మొహం మీద మొండితనం. నటుడు వెళ్ళిన దారి వైపే చూస్తోంది, నిజంగా వాడు తిరిగి రావాలన్నట్టు.

"రెండో సీజన్ ఆఖరిది పెట్టు."

పెరటి సీన్. ఇన్‌స్పెక్టర్ బెంచీ మీద కూర్చుని హీరోయిన్‌తో ఏదో చెబుతున్నాడు. వెనక ఇంటి తలుపు తెరిచి ఉంది, ఆ ఇంటి పెరడు గుమ్మానికీ వీధి గేటుకీ మధ్యే. పందిరి కింద ఒక మూల నీలం ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంది. పట్టా మీద లైటు స్టాండు. తలుపు దగ్గర దోనా బామ్మ.

ఊడుస్తోంది.

"ఆపు" అంది నెవెనా. "వెనక్కి. ఇంకొంచెం. అక్కడ."

ముసలావిడ వంగి ఇంటి లోపలి నుంచి గుమ్మం మీదుగా బయటికి ఊడుస్తోంది. గుమ్మం రాయి సగం తడి, సగం పొడి. చీపురు ముందు ఒక ఎర్ర చుక్క దొర్లుతోంది.

"పెద్దది చెయ్యి."

తోదోర్ పెద్దది చేశాడు. నోట్లో బనిత్సా ముక్క అలాగే ఉండిపోయింది.

జెరేనియం పువ్వు.

"మేడమ్" అన్నాడు మెల్లగా. "నేనిది రెండుసార్లు చూశాను. మా ఆవిడతో కలిపి లెక్కేస్తే ఇంకా ఎక్కువ."

"ఈ సీన్ తీసిన రోజు కావాలి."

కంపెనీ అసిస్టెంట్ డైరెక్టర్ ఫోన్లో దొరికాడు. సోఫియాలో ఎక్కడో ట్రాఫిక్‌లో ఉన్నాడు. విసుగ్గా ఉన్నాడు.

"రెండో సీజన్ ఆఖరి పెరటి సీనా? ఆ సంవత్సరం షూటింగ్ చివరి రోజది. శనివారం. అక్టోబరు పద్దెనిమిది."

"ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి మొదటి షాట్. గుమ్మం తడిగా ఉందని కెమెరామన్ గొణిగాడు, అందుకే గుర్తు."

"బామ్మని ఊడవమన్నది ఎవరు?"

"ఎవరూ అనలేదు. ఆ రోజు ఆవిడకి సీనే లేదు. తనంతట తనే వచ్చి మొదలుపెట్టింది. ఆపొద్దన్నాను. బాగుంది కదా, సహజంగా."

"ఆ నీలం పట్టా ఏంటి?"

"ప్లామెన్ వేశాడు. రెండేళ్ళుగా బురదలో మా వైర్లన్నీ పాడవుతున్నాయని మేం మొత్తుకుంటుంటే, సిమెంటు వేయిస్తానని మూల తవ్వాడు. మంచివాడండీ. మర్నాడే వేయించాడు. ఎందుకు, ఏమైంది?"

నెవెనా ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం ప్రాసిక్యూటర్ గదికి వెళ్ళింది. పెరడు తవ్వడానికి అనుమతి అడిగింది. ఆయన రెండు సీన్లూ చూశాడు. నవ్వాడు.

"నెవెనా, చీపురు చూపించి సిమెంటు పగలగొట్టమంటే జడ్జి నన్ను పగలగొడతాడు. ఒక్క మాట తీసుకురా. ఎవరి నోటినుంచైనా సరే. శుక్రవారం లోపల."

"శుక్రవారం తర్వాత?"

"తర్వాత ఆవిడ చట్టప్రకారం చనిపోయిన మనిషి. ఇల్లు భర్తది. కంపెనీ బుల్డోజర్ తెస్తుంది. నువ్వు పింఛను తీసుకుంటావు."

*

గురువారం మధ్యాహ్నం రెండు గంటలు. ద్రాక్ష పందిరి లేని పెరడు.

వాన ఆగింది. సిమెంటు మీద నీళ్ళు అక్కడక్కడా నిలిచాయి. బల్ల చుట్టూ నలుగురు కూర్చున్నారు. ప్లామెన్, బట్టతల, ఇస్త్రీ చొక్కా, కాళ్ళు ఊపుతున్నాడు. దోనా బామ్మ, ఎనభై నాలుగేళ్ళు, నల్ల తలగుడ్డ. వెలికా సంచీతోనే వచ్చింది. ఇక్కడినుంచి నేరుగా బస్సుకి వెళ్తుంది. తోదోర్ లాప్‌టాప్ తెరిచాడు. నెవెనా నిలబడే ఉంది. కూర్చుంటే లేవలేనని భయం.

"కాఫీ పెట్టనా?" అన్నాడు ప్లామెన్.

"వద్దు. ఐదు నిమిషాల పని."

"సంతకమేనా? వదినా, పెట్టెయ్యి. ఎన్నాళ్ళని లాగుతావు? నేనూ మనిషినే. నాకూ ఒక జీవితం కావాలి."

"నీకు జీవితం కావాలా? నాకు చెల్లెలు కావాలి" అంది వెలికా. "ఇద్దరిలో ఎవరిది పెద్ద కోరికో?"

"బామ్మా" అంది నెవెనా. "మీ సీరియల్ చూద్దామా?"

ముసలావిడ కళ్ళు కాస్త వెలిగాయి. తెర మీద ఓడ పనివాడు గేటు దాటాడు. చీపురు గోడకి ఆని ఉంది.

"ఇది గుర్తుందా?"

"గుర్తులేకేం? ఆ గడ్డం డైరెక్టరు నామీద గాడిదలా అరిచాడు."

"ఎందుకు ఊడవలేదు?"

"ఊరెళ్ళే మనిషి వెనక ఊడుస్తారుటమ్మా ఎవరైనా? వాడు తిరిగి రావాలా వద్దా?"

"వాడు నటుడు. సందు చివరిదాకా వెళ్ళి వచ్చేస్తాడు."

"అయితే? వాడికి మాత్రం తల్లి ఉండదా?"

తోదోర్ తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. నెవెనా అతనికి సైగ చేసింది. తెర మారింది.

తెరిచిన తలుపు. నీలం పట్టా. చీపురు. ఎర్ర చుక్క.

ముసలావిడ కళ్ళు ఆరిపోయాయి.

"ఇది ఏ రోజు బామ్మా?"

బామ్మ తలగుడ్డ ముడి సవరించుకుంది.

"ఈ పువ్వు ఎక్కడిది?"

చేతులు ఒళ్ళో ముడుచుకుంది.

"నేను చెప్తాను. 2014 అక్టోబరు 18. ఉదయం ఆరుకి మీరు ఈ గుమ్మం ముందు నీళ్ళు పోశారు. చెంబులో పువ్వు. వీధంతా చూసింది. కోడలు ఊరెళ్ళింది అన్నారు. తొమ్మిదింటికి, గుమ్మం ఆరకముందే, అదే పువ్వుని చీపురుతో బయటికి నెట్టారు. మినీ బస్సు అప్పటికి సోఫియా కూడా చేరదు."

ప్లామెన్ కాళ్ళు ఊపడం ఆపాడు. వెంటనే నవ్వాడు.

"దీనికా ఇన్‌స్పెక్టర్ గారూ? ముసలావిడ. మర్చిపోయి ఊడ్చింది."

"నటుడి వెనక మర్చిపోలేదు."

"చాదస్తం. ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు."

"డైరెక్టర్ మీద చీపురు విసిరిన చాదస్తం, సొంత కోడలి దగ్గర లేకుండా పోయిందా?"

"అయితే చీపురుని కోర్టుకి తీసుకెళ్ళండి. నవ్వుతారు."

"నిన్ననే నవ్వారు" అంది నెవెనా.

ఆమెకి కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక లేదు. ముసలావిడ కుర్చీ పక్కకి వెళ్ళి, కీళ్ళు కలుక్కుమంటుంటే నెమ్మదిగా వంగి, మోకాళ్ళ మీద కూర్చుంది.

"బామ్మా. ఆ రోజు మీకు సీను లేదు. ఊడవమని ఎవరూ అడగలేదు. నీళ్ళు వీధి కోసం పోశారు. అది నాకు అర్థమైంది. ఊడ్చింది ఎవరి కోసం?"

"అమ్మా, లోపలికి పద" అన్నాడు ప్లామెన్. "చలిగా ఉంది."

దోనా బామ్మ కదల్లేదు. తెర వైపే చూస్తోంది. అక్కడ ఐదేళ్ళ కిందటి తను వంగి ఊడుస్తూ ఆగిపోయి ఉంది.

"నీళ్ళు వీడు పొయ్యమన్నాడు" అంది చివరికి. గొంతు సన్నగా, మామూలుగా ఉంది. కూరలో ఉప్పు సంగతి చెబుతున్నట్టు. "ఊడవమని ఎవరూ చెప్పలేదు. నేనే."

"అమ్మా, నోరుముయ్!"

"ఎందుకు ముయ్యాలిరా? శవం లేచిన ఇల్లు ఊడవకుండా ఎలా వదిలేస్తాను? పాదిరీని పిలవనివ్వలేదు నువ్వు. కొవ్వొత్తి వెలిగించనివ్వలేదు. పోయినవాళ్ళ పేరిట పంచే గోధుమలు ఉడికించనివ్వలేదు. ఇరవై ఏళ్ళు నా చేతి కూడు తిన్న పిల్ల. ఆ చీపురు కూడా పట్టకపోతే నేను మనిషినేనా?"

పక్క పెరట్లో కోడి అరిచింది.

"ఎక్కడ?" అంది వెలికా.

దోనా బామ్మ చెప్పు చివరతో చూపించింది. బల్ల పక్కనే. పందిరి గుంజ ఉండే మూల. లైటు స్టాండు పెట్టిన చోటు.

వెలికా సంచీని ఒళ్ళోకి తీసుకుంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

ప్లామెన్ లేచాడు. గేటు వైపు రెండడుగులు వేశాడు. గేటుకి అడ్డంగా తోదోర్ బొజ్జ ఉంది.

"ఎక్కడికి తమ్ముడూ?" అన్నాడు తోదోర్. "నువ్వెళ్తే వెనక నీళ్ళు పొయ్యడానికి ఇక్కడెవరూ లేరు."

*

మిగతాది ప్లామెన్ సాయంత్రం చెప్పాడు. కొంచెం ఏడ్చి, కొంచెం బుకాయించి.

స్నెజీనా నిజంగానే వెళ్ళిపోదామనుకుంది. పని సంగతి నిజం. బస్సు సంగతి నిజం. శుక్రవారం రాత్రి అక్కతో ఫోన్ మాట్లాడి, సంచీ జిప్పు లాగింది. మళ్ళీ రానని అతనితో చెప్పింది. అతను సంచీ పట్టుకుని లాగాడు. ఆమె వదల్లేదు. వంటింటి మెట్ల మీద నుంచి తోశాడు. కింద రాయి. అంతే, ఇన్‌స్పెక్టర్ గారూ, ఒక్క తోపు, అన్నాడు. పొద్దున్నే షూటింగ్ వాళ్ళు వస్తారు. వద్దంటే ఎందుకని అడుగుతారు. బురద గురించి వాళ్ళు గొణగడం గుర్తొచ్చింది. బొలోన్యా నుంచి అంటూ వచ్చిన మెసేజీలు ఈ వంటింట్లోంచే వెళ్ళాయి.

ప్రాసిక్యూటర్ ఈసారి నవ్వలేదు. మూడున్నరకి అనుమతి వచ్చింది. నాలుగింటికి సిమెంటు పగలగొట్టడం మొదలుపెట్టారు. ఎదురింటి సెవ్దా గేటు పట్టుకుని నిలబడింది. "నేను నీళ్ళే చూశాను, నీళ్ళే చూశాను" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతోంది.

ఐదింటికి బస్సు వెళ్ళిపోయింది. వెలికా గుమ్మం రాయి మీద కూర్చుని ఉంది. నెవెనా ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్యా నీలం గళ్ళ సంచీ.

"ఇంటికి పంపిస్తాను" అంది నెవెనా. "ఇది చూడకండి."

"ఐదేళ్ళుగా దాని చెయ్యి మాత్రమే చూశాను. ఉంటాను."

ఫోరెన్సిక్ వాళ్ళు గుంటలోంచి ముందు ఒక సంచీని పైకి తీశారు. గోధుమ రంగు సంచీ, మట్టి పట్టి నల్లబడింది. జిప్పు వేసే ఉంది. ఒకతను గుంట పక్కన పరిచిన గుడ్డ మీద దాన్ని తెరిచాడు. కుళ్ళిన ఉన్ని. ఒక చెప్పుల జత. మధ్యలో బట్టలో చుట్టిన గాజు సీసా. పగల్లేదు.

వెలికా లేచి నిలబడి చూసింది.

"పెద్దదే పెట్టుకుంది" అంది.

తర్వాత కూర్చుంది. తోదోర్ తన కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పాడు. చలిలో చొక్కాతో నిలబడి ముక్కు చీదుకున్నాడు.

"ఐదో సీజన్ వచ్చినా నేను చూడను మేడమ్" అన్నాడు. "మా ఆవిణ్ణి కూడా చూడనివ్వను."

దోనా బామ్మని జీపు ఎక్కించేటప్పుడు ఆవిడ ఒకసారి ఆగింది. గోడకి ఆనించి ఉన్న చీపురు వైపు చూసింది. వెలికా వైపు చూసింది. ఏదో అడగబోయి మానేసింది. జీపు వెళ్ళాక పెరట్లో చీపురుని ఎవరూ ముట్టుకోలేదు.

రెండు వారాల తర్వాత, సర్వీసు చివరి రోజున, నెవెనా రిపోర్టు ముగించింది. ఫైల్లో పాత పేజీ ఒకటుంది. 'ఉదయం ఆరు గంటలకి ఇల్లు వదిలింది' అని. ఆ మాట కొట్టేసింది. కింద ఇంకో రెండు వాక్యాలు టైపు చేసి, సంతకం పెట్టి, ఫైలు తోదోర్ చేతికిచ్చింది.

దోనా పేత్కోవా 2020 ఫిబ్రవరి 9న జైలు ఆసుపత్రిలో మరణించింది. ఆ ఇంటికి తిరిగి రాలేదు. అది రిపోర్టులో లేదు. తోదోర్ ఫోన్ చేసి చెప్పాడు.

రిపోర్టులో ఉన్నది ఇంతే.

స్నెజీనా పేత్కోవా, 2014 అక్టోబరు 17, శుక్రవారం రాత్రి, సంచీ సర్దుకుంది. ఎక్కడికీ వెళ్ళలేదు, తిరిగి రాలేదు.